తెర చాటున ముద్ద

పోయిన వారం మనం బంగారుపాళ్యంలో ఒక మూసిన తలుపు ముందర ఆగిపోయాం. ఎవరు మూశారో, బయట ఎవరు మిగిలారో గుర్తులేదంటే నేను తప్పుపట్టను. మరిచిపోవడం పాపమైతే ఈ కథలో అందరికంటే ముందు కుప్పయ్యకే శిక్ష పడాలి. పడుతూనే ఉంది కూడా.

కుప్పయ్య మామిడి తోటల్లో కాయ కోసే కూలీలకు మేస్త్రీగా బతికిన మనిషి. మతిమరుపు జబ్బు పట్టింది. డాక్టర్లు డిమెన్షియా అంటారు. కొడుకు మునిప్రసాద్‌ను కొన్నాళ్ళు తమ్ముడనుకున్నాడు, కొన్నాళ్ళు లారీ డ్రైవరనుకున్నాడు, ఇప్పుడు ఏమీ అనుకోవడం లేదు. ఇల్లు మరిచాడు, ఊరు మరిచాడు. పెళ్ళాం నాగరత్నమ్మను మాత్రం మరవలేదు. ఆమె కలిపి పెడితేనే తినేవాడు, ఆమె పక్కన కూర్చుంటేనే కళ్ళు మూసేవాడు. ఆ ఒక్క మొహం మీద ఆ ఇల్లు నడిచేది.

ఆ మొహం కూడా ఆయన నుంచి పోతుందేమోనని నాగరత్నమ్మకు భయం పట్టుకుంది. జబ్బు నయం కావాలని కోరుకునే ఆశ ఆమెకు ఎప్పుడో చచ్చిపోయింది. తనను మరవకుంటే చాలని కొండకు మొక్కుకుని, తలనీలాలు ఇచ్చి, గుండుతో ఇంటికి వచ్చింది. కుప్పయ్య ఆమెను చూసి ఎవరని అడిగాడు, గడప దాటనివ్వలేదు, బయటికి నెట్టి గడియ పెట్టుకున్నాడు. పోయిన వారం మనం ఆగింది అక్కడ.

తర్వాత జరిగింది చెబుతాను. కుప్పయ్య తిండి మానేశాడు. కొడుకు పెడితే ఉమ్మేశాడు, కోడలు పెడితే పళ్ళెం విసిరేశాడు. కాస్త మజ్జిగ మాత్రం గొంతు దిగేది. నాగరత్నమ్మ కొంగు కప్పుకుని దగ్గరికి పోతే కొంగు లాగేసి అరిచాడు. మునిప్రసాద్ పట్నం పోయి మంచి సవరం కొనుక్కొచ్చాడు. కట్టడానికి వేలెడంత జుట్టు కూడా లేని తలకు సవరం ఎట్లా కడతారని వాడికి ఇంటికొచ్చాక గాని తట్టలేదు. చివరికి వాడు తడ దగ్గర ఉండే ఒక ఆశ్రమానికి ఫోన్ చేశాడు. మతిలేని ముసలివాళ్ళను పెట్టుకుంటారక్కడ. నాగరత్నమ్మ కొడుకుతో పోయి చూసి వచ్చింది. మంచం కోడుకు కాలు కట్టేసిన ఒక ముసలాయన ఆమెను చూసి, కట్టు విప్పమని కళ్ళతోనే అడిగాడట. ఇంటికి వచ్చాక ఆమె కొడుకు చేతులు పట్టుకుంది, తన మొగుణ్ణి ఆడికి పంపొద్దని.

తిరుపతి మెడికల్ కాలేజీలో డాక్టర్ అమల దగ్గరికి ఈ సంగతి చేరవేసింది మోహన. మూడో ఏడాది చదివే పిల్ల, చిత్తూరు అమ్మాయి. అమల పాఠం చెప్పే పద్ధతి వేరు. మతిమరుపును పుస్తకంలో చదివితే పుస్తకమే గుర్తుంటుందని ఆమె వాదం. అందుకే ప్రతి విద్యార్థికీ ఒక ఇల్లు అప్పగిస్తుంది. వారానికోసారి ఆ ఇంటికి పోవాలి, జబ్బు మనిషితో కూర్చోవాలి, చూసుకునేవాళ్ళ బాధ వినాలి. మోహనకు వచ్చిన ఇల్లు కుప్పయ్యది.

అమల మునిప్రసాద్‌ను ఒక్క పూట అడిగింది. మీ నాయనను కాలేజీకి తీసుకురా, మా పిల్లల ముందరే ప్రయత్నం చేస్తాను, మీ అమ్మ చేతి ముద్ద ఆయన తింటే ఇంట్లోనే పెట్టుకోవాలి, తినకపోతే నీ ఇష్టం అంది. మునిప్రసాద్ సరేనన్నాడు. ఆశ్రమానికి తీసుకుపోయే కారు మాత్రం మరుసటి ఉదయానికి మాట్లాడే వచ్చాడు.

*

ఆ గది క్లాసుకు క్లాసు, ఆసుపత్రికి ఆసుపత్రి. ఒక పక్క విద్యార్థుల బెంచీలు, ఇంకో పక్క మంచం, కుర్చీ, మంచం ముందు లాగే ఆకుపచ్చ తెర. పక్కనే చిన్న గది ఉంది, దానికి వరండాలోకి ఇంకో తలుపు. ఈ తలుపును గుర్తుపెట్టుకోండి. ఆ రోజు గదిలో ఉన్న ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు.

కుప్పయ్యను కుర్చీలో కూర్చోబెట్టారు. ఉతికిన పంచె కట్టారు. గడ్డం గీశారు. మనిషి సగమైపోయాడు. బెంచీల మీద ఉన్న పిల్లలను చూసి కోతకు వచ్చిన కూలీలనుకున్నాడు. ఇంతమంది వచ్చి ఊరికే కూర్చున్నారేమి, లోడు ఫ్యాక్టరీకి పోవద్దా అని కసిరాడు. పిల్లలు నవ్వబోయి అమల మొహం చూసి ఆగారు.

ముందు వరసలో ఒక కుర్రాడు లేచి, ఈ రోజు ఏ వారమో, ఇది ఏ ఊరో పేషెంటును అడగమంటారా మేడమ్ అన్నాడు. పరీక్షల్లో మార్కులు వచ్చే ప్రశ్నలవి. అమలకు చిర్రెత్తింది. ఆమెకు కోపం తొందరగా వస్తుంది, పిల్లలందరికీ తెలుసు.

"తెలియదని మనకు తెలుసు. తెలియదని ఆయన చేత నలుగురిలో చెప్పించడం దేనికి? జవాబు రాని ప్రశ్న అడిగితే ఆయనకు మిగిలేది అవమానం ఒకటే. ప్రశ్న మరిచిపోతాడు, అవమానం మరవడు. అది రోజంతా ఉంటుంది."

కుర్రాడు కూర్చున్నాడు. అమల తర్వాత చెప్పింది ముఖ్యమైనది. మొహం పోయినా గొంతు కొన్నాళ్ళు నిలుస్తుంది. గొంతు పోయినా చెయ్యి తాకిడి నిలుస్తుంది. కుప్పయ్య పెళ్ళాన్ని మరవలేదు, ఆయన మనసులో ఉన్న పెళ్ళానికి జారుముడి ఉంది, పూలున్నాయి, ఎదురుగా వచ్చిన మనిషికి అవి లేవు, అంతే తేడా. జుట్టు పెరగడానికి నెలలు పడుతుంది, ఆకలి అన్ని నెలలు ఆగదు. కాబట్టి మొహం దాచి గొంతును పంపిద్దాం అంది. ఎంత బాగా చెప్పిందంటే, పిల్లలు రాసుకోవడం కూడా ఆపి విన్నారు. ఆ రోజు జరగబోయేది తెలియకపోతే నేను కూడా ఆమెను మెచ్చుకునేవాణ్ణి.

తెర వెనక నాగరత్నమ్మ నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, రాగి సంగటి, చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి. ఇంట్లో పొద్దున్నే చేసి, గుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆమె పక్కన మోహన నిలబడింది. మోహన జడ నడుము దాకా ఉంటుంది. ఆ రోజు దాన్ని ఎందుకో మడిచి, పిన్నులు పెట్టి, దాచినంత పని చేసుకుని వచ్చింది.

అమల సైగ చేసింది.

"యోవ్," అని పిలిచింది నాగరత్నమ్మ తెర వెనక నుంచి.

కుప్పయ్య తల ఎత్తాడు. లోడు సంగతి, కూలీల సంగతి ఆగిపోయాయి. గోడను చూశాడు, కిటికీని చూశాడు.

"మే రత్నా, యాడుండావు మే?"

"ఈడనే ఉండాను. ఈ గుడ్డకు ఇవతల."

"ఇన్నాళ్ళూ యాడికి పోయినావు? ఇంట్లో ఎవురో బోడిగుండు ఆమె వచ్చి కూసోనుండాది. నేను తరిమినా. మళ్ళీ మళ్ళీ వస్తాది."

తెర వెనక మోహన ఆమె భుజం పట్టుకుంది.

"కొండకు పోయినానయ్యా," అంది నాగరత్నమ్మ. "నీ కోసరమే పోయినా."

"కొండకా? ఒగతే పోయినావా? మోకాలు నొప్పి పెట్టుకుని అన్ని మెట్లు ఎక్కినావా? నన్ను లేపుండొచ్చు కదా, నేనొచ్చుందును."

మునిప్రసాద్ తల తిప్పుకున్నాడు. తండ్రి నోట ఇన్ని మాటలు, ఒకదానికొకటి అతికిన మాటలు, వాడు విని ఏడాది దాటింది. బెంచీల మీద ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నాగరత్నమ్మ అడిగింది, సంగటి తింటావా అని. పెడితే ఎందుకు తినను అన్నాడు కుప్పయ్య.

తెర పక్కన సందులో నుంచి ఒక చెయ్యి వచ్చింది. మట్టి గాజులున్న చెయ్యి, మధ్యలో ఊరిబిండి నొక్కిన సంగటి ముద్ద. కుప్పయ్య ఆ చేతిని చూశాడు. రెండు చేతులతో మణికట్టు పట్టుకున్నాడు, ముద్ద నోట్లో పెట్టించుకున్నాడు, నమిలాడు, మింగాడు. ఇంకో ముద్ద వచ్చింది. అదీ తిన్నాడు. ఎన్నో రోజుల ఆకలి మనిషి, నీళ్ళు కూడా అడగకుండా తిన్నాడు. తెర వెనక నాగరత్నమ్మ ఏడుస్తూ కలుపుతోంది, కలుపుతూ పెడుతోంది. కారు వద్దని చెప్పేయడానికి మునిప్రసాద్ జేబులోంచి ఫోన్ బయటికి తీశాడు.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఒక చెయ్యి, ఒక గొంతు, ఒక గుడ్డ తెర, వీటితో ఆ మొగుడూ పెళ్ళాలు నెలలు గడిపేవాళ్ళు. ఇంట్లో వాకిలికి పాత దుప్పటి కట్టుకుని ఆమె వండేది, ఆయన తినేవాడు. ప్రపంచంలో ఇంతకంటే అధ్వాన్నంగా బతికే దంపతులు బోలెడుమంది ఉన్నారు.

కానీ అమల టీచరు. ఎదురుగా పిల్లలున్నారు. పాఠం సగంలో ఉంది. గొంతుకు మొహాన్ని మెల్లగా అతికించవచ్చని ఆమె చాలాచోట్ల చూసింది, అది ఈ పిల్లలకూ చూపించాలనిపించింది. మంచి పని చేసేవాళ్ళకు కూడా ఇంకొంచెం కావాలనే ఆశ ఉంటుంది. ఆమె మోహనకు సైగ చేసింది, తెర జరపమని.

మోహన తల అడ్డంగా ఊపింది. అమల మళ్ళీ సైగ చేసింది. నాగరత్నమ్మ కూడా మోహన వైపు చూసింది, జరుపు తల్లీ అన్నట్టు. పాపం, ఆమెకూ మొగుడి మొహం చూడాలని ఉంది, తన చేత ముద్ద పెట్టించుకుంటున్న ఆ మొహాన్ని. మోహన తెర జరిపింది.

కుప్పయ్య పట్టుకున్న మణికట్టు వెంట కళ్ళు పైకి పోయాయి. భుజం, మెడ, మొహం, గుండు. చెయ్యి వదిలేశాడు. నోట్లో ముద్ద ఉంది.

"నేనేనయ్యా," అంది నాగరత్నమ్మ. "నీ రత్నను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముద్ద ఉమ్మేశాడు. లేచి నిలబడ్డాడు. మొహం భయంతో బిగుసుకుపోయింది. చుట్టూ వెతికాడు, తెర వెనక వెతికాడు, మంచం కిందకు వంగి కూడా చూశాడు. ఎక్కడా ఆమె లేదు. మళ్ళీ ఈమె వైపు తిరిగాడు.

"ఆయమ్మ గొంతు నీకెట్ల వచ్చిందే?"

నాగరత్నమ్మ రెండు చేతులూ జోడించింది.

"నా పెండ్లాన్ని ఏం జేసినావు? ఆమె గాజులు తీసి తొడుక్కున్యావు. ఆమె గొంతు తీసుకున్యావు. ఆమెను యాడ పెట్టినావు, చెప్పు."

పళ్ళెం నేలమీద పడింది. కుప్పయ్య ఆమె చేతి గాజులను పట్టుకుని లాగాడు, అవి రాకపోతే పగలగొట్టాడు. ఆమె మణికట్టు తెగి రక్తం వచ్చింది. ఆమె చెయ్యి వెనక్కు తీసుకోలేదు, కొట్టనీ అన్నట్టు అట్లాగే పెట్టి నిలబడింది. మునిప్రసాద్, ముందు వరస కుర్రాడు కలిసి కుప్పయ్యను విడదీసి పక్క గదిలోకి తీసుకుపోయారు. గోడకు అవతలి నుంచి ఆయన ఏడుపు వినిపించింది. చిన్నపిల్లాడు తప్పిపోతే ఏడ్చే ఏడుపే అది.

అమల పెద్ద డాక్టరు కాబట్టి చేయాల్సింది చేసింది. నాగరత్నమ్మ చేతికి తనే కట్టు కట్టింది. కొంచెంసేపు ఆయన కంటబడకుండా ఉండమ్మా, నిన్ను చూస్తే మళ్ళీ బెదురుతాడు, వరండా చివర మెట్ల మీద కూర్చో, నేను వచ్చి పిలుస్తాను అంది. నాగరత్నమ్మ తల ఊపింది. డాక్టరమ్మ చెప్పిన మాట జవదాటే మనిషి కాదామె. కింద పడిన సంగటిని ఎత్తి పళ్ళెంలో వేసుకుని, నేల తుడిచి మరీ బయటికి పోయింది.

*

పక్క గదిలో ఏడుపు సద్దుమణిగింది. అలిసిపోయి మంచం మీద ఒరిగాడని ముందు వరస కుర్రాడు వచ్చి చెప్పి, తన చోట కూర్చున్నాడు. మునిప్రసాద్ తండ్రి దగ్గరే ఉన్నాడు. క్లాసు ముగించి అందరినీ పంపేయాల్సింది. అమల పంపలేదు. తప్పు జరిగినప్పుడు పారిపోతే ఆ తప్పును పిల్లలు నేర్చుకుంటారని ఆమె భయం.

"తెర జరపమన్నది నేను," అంది. "ఆ తప్పు నాది. రాసుకోండి."

ఎవరూ రాసుకోలేదు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది, అసలు తప్పు గుండు దగ్గర జరిగింది కదా మేడమ్, ఆయన గుర్తుపట్టే మొహం అదొక్కటే అని తెలిసి కూడా ఆమెను ఎవరూ ఆపలేదా అని. పిల్ల మామూలుగానే అడిగింది. గదిలో చాలామంది అదే అనుకుంటున్నారు.

మోహన లేచి నిలబడింది. పిన్నుల నుంచి జడ జారి వీపు మీద పడింది, సర్దుకోలేదు.

"నన్ను అడిగింది మేడమ్. కొండకు పోతానే, గుండు చేయించుకుంటానే, ఆయప్పకు మంచిదేనా తల్లీ అని. నేను మంచిదే కదమ్మా, పోయి రా అన్నాను. మా అమ్మ కూడా మొక్కుకుని మూడు కత్తెర్ల జుట్టు మాత్రం ఇచ్చి వచ్చింది, గుండు చేయించుకోలేదు. ఆ మాటైనా చెప్పుంటే ఈమె కూడా మూడు కత్తెర్లే ఇచ్చి వచ్చేది. తట్టలేదు."

అమల ఆమెను కూర్చోమంది. మూడో ఏడాది పిల్లకు తట్టకపోవడం నేరం కాదు అంది. మోహన కూర్చోలేదు.

"పోయి రా అనే ముందు నేను మీకు ఫోన్ చేసినాను మేడమ్. మా పెద్ద డాక్టరమ్మను అడిగే చెబుతున్నానని ఆమెతో అన్నాను."

అమల బల్ల అంచు పట్టుకుంది. ఆమెకు గుర్తుంది. కారు నడుపుతూ మాట్లాడింది. దేవుడి సంగతిలో మనం వేలు పెట్టకూడదు మోహనా, నమ్మకం వాళ్ళది అని చెప్పి పెట్టేసింది. ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో చెప్పే మాటే అది. మొదటి మాట దేవుడి గురించి కాదు, మొహం గురించి రావాల్సింది. ఆయన ఆమెను దేనిబట్టి గుర్తుపడుతున్నాడో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే చాలు. అంతమందికి పాఠం చెప్పే డాక్టరుకు అది తెలియనిదా?

"నాకు ఆ రోజు తట్టింది," అంది అమల చివరికి.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు ఫోన్ పెట్టేశాక తట్టింది. గుండు చేయించుకుంటే ఆయన భయపడతాడేమో అనుకున్నాను. తిరిగి ఫోన్ చేద్దామనుకుని చేయలేదు. నేను ఆదివారం చర్చికి పోయే మనిషిని. ఈ ఊళ్ళో నేను కొండ మొక్కు వద్దంటే అది డాక్టరు మాటగా ఎవరు వింటారు? మతం మాటగానే వింటారని భయపడ్డాను. నా పరువు చూసుకున్నాను. ఆమె సంగతి చూడలేదు."

ఈ మాట అనడం ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. కానీ దానివల్ల నాగరత్నమ్మ తల మీద ఒక్క వెంట్రుక కూడా మొలవదు. ఆ సంగతి అమలకూ తెలుసు.

"అంటే మీకందరికీ ముందే తెలుసా?"

వాకిట్లో మునిప్రసాద్ నిలబడి ఉన్నాడు. పక్క గదిలోకి తన తల్లి గుండు సంగతి వినిపించి, ఏమి మాట్లాడుకుంటున్నారోనని లేచి వచ్చాడు. వచ్చి చాలాసేపే అయినట్టుంది. వాడి చేతిలో ఫోన్ ఉంది.

"నేను మా అమ్మకు వద్దని చెప్పినా మేడమ్. గుండుతో పోతే నాయన బెదురుతాడేమో మ్మా అని చెప్పినా. ఏమనిందో తెలుసా? పెద్ద డాక్టరమ్మే పొమ్మనింది, నీకేం తెలుసురా అనింది. మీ మాట మీద అంత నమ్మకం ఆయమ్మకు. నా మాట తీసేసింది."

మునిప్రసాద్ అరవలేదు. అరిచి ఉంటే తేలికగా ఉండేది. రేపటి దాకా ఎందుకు, కారును ఈ మధ్యాహ్నమే రమ్మంటాను, నా తల్లిని ఇంకెవరి ముందరా నిలబెట్టి కొట్టించను, మీ పిల్లకాయలకు పాఠం అయిపోయింది కదా అన్నాడు. మోహన ఏడుస్తూ అడ్డం పోయింది. అన్నా, ఆయన తిన్నాడు కదా, తెర ఉంటే తిన్నాడు కదా, ఇంట్లో తెర కట్టుకుందాం, నేను వచ్చి ఉంటాను అని బతిమాలింది. ముందు వరస కుర్రాడు కూడా లేచాడు. ఇంకొకరు లేచారు. ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడారు. మతిమరుపు మనిషిని ఎట్లా చూసుకోవాలో తెలిసినవాళ్ళు గది నిండా ఉన్నారు, అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నారు.

"మీ నాయన దగ్గర ఎవరున్నారు?" అంది అమల ఉన్నట్టుండి.

మునిప్రసాద్ వెనక్కు తిరిగి చూశాడు. ముందు వరస కుర్రాడు వాడిని చూశాడు, వాడు కుర్రాడిని చూశాడు. అక్కడ ఎవరూ లేరని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

పక్క గదిలో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మీద తల పెట్టిన గుంట ఇంకా ఉంది. వరండాలోకి పోయే తలుపు బార్లా తెరిచి ఉంది. కుప్పయ్య చెప్పులు మంచం కిందే ఉన్నాయి.

*

వరండా చివర మెట్ల మీద నాగరత్నమ్మ కూర్చుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మొహం గోడకు తిప్పుకుని. అందరూ పరుగెత్తుకొచ్చే చప్పుడుకు కూడా ఇటు తిరగలేదు. పిలుస్తానని డాక్టరమ్మ చెప్పింది, ఇంకా పిలవలేదు.

మోహన ఆమె ముందు కూలబడి, అమ్మా, ఆయన ఇటు వచ్చినాడా అని అడిగింది.

"వచ్చినాడు," అంది నాగరత్నమ్మ. "నా పక్కనుంచే దిగి పోయినాడు. పంచె నా భుజానికి తగిలింది. మీరు ఎవురో ఎనకనే వస్తా ఉంటారు, గాలికి తిప్పుతా ఉంటారనుకున్యా. నన్ను చూస్తే మళ్ళీ బెదురుతాడు కదా తల్లీ. కంటబడొద్దని చెప్పినారు కదా. అందుకనే మొగం గోడకు తిప్పుకున్యా."

మునిప్రసాద్ అప్పటికే మెట్లు దిగి గేటు వైపు పరుగెత్తాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మంచివాడు, ముసలివాళ్ళంటే మర్యాద ఉన్నవాడు. చెప్పులు లేని పెద్దాయనా, పంచె కట్టుకున్న ఆయనా, ఇప్పుడే పోయినాడు సార్ అన్నాడు. కొండకు పోయే బస్సు యాడ నిలబడతాదని అడిగితే, అంతలో అలిపిరి బస్సు వచ్చిందని, తనే చెయ్యెత్తి ఆపి, చెయ్యి పట్టుకుని ఎక్కించానని సంతోషంగా చెప్పాడు.

అమల మెట్ల దగ్గరే నిలబడి పోలీసులకు ఫోన్ చేస్తోంది. మనిషి గుర్తులు అడుగుతున్నారు, చెబుతోంది. పేరు అడిగితే చెబుతాడా అని అడుగుతున్నారు, లేదంటోంది. ఇవాళ శనివారం, కొండకు జనం ఎక్కువ మేడమ్ అన్నారు అవతలి నుంచి. ఎవరి కోసం పోయాడో తెలిస్తే వెతకడం సులువని కూడా అన్నారు. అమల నాగరత్నమ్మ వైపు చూసింది.

"దిగేటప్పుడు ఏదో గొణుక్కుంటా పోయినాడు," అంది నాగరత్నమ్మ. "రత్న ఒగతే కొండకు పోయింది, దానికి మోకాలు నొప్పి, దిగలేదు, పోయి పిల్చుకొస్తా అనుకుంటా పోయినాడు."

కొండ మీద ఆయన వెతికే జారుముడి మనిషి లేదు. అక్కడ ఎటు చూసినా గుండు తలలే, ఆయనను భయపెట్టే తలలు, ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, చంటిబిడ్డలవి.

మునిప్రసాద్ ఆటోను గేటు లోపలికే తెచ్చాడు. ఎక్కు మ్మా అన్నాడు. నాగరత్నమ్మ లేచింది, రెండు మెట్లు దిగి ఆగింది. మొదటిసారిగా అమల కళ్ళలోకి నేరుగా చూసింది.

"నేను ఎదురుపోతే నన్ను చూసి ఇంకా దూరం పరుగెత్తుతాడు డాక్టరమ్మా. ఆడ లోయలుండాయి. నేను పోకుంటే ఎవురు పిలిస్తే ఆగుతాడు?"

నాగరత్నమ్మ జవాబు కోసం ఆగలేదు. కొంగును తల మీదుగా లాగి, నుదురు, కళ్ళు, మొహమంతా మెడ దాకా కప్పుకుంది. ముడి గట్టిగా వేసుకుంది, గాలికి కూడా జారకుండా. ఇంక ఆమెకు మెట్లు కనబడవు, ఆటో కనబడదు, కొండ కనబడదు. కట్టు కట్టిన చేతిని మోహన ఉన్న వైపుకు చాచింది.

"పట్టుకో తల్లీ," అంది ఆ గుడ్డలోంచి. "ఆయప్ప కనబడితే చెప్పు, పిలుస్తా."